గెయిన్ మీద గోళ్ల రంగు

హలో… ఆ, నేనేరా, ఇన్సాఫ్ అత్తనే. ఈ ఇంట్లో ఫోనెత్తడానికి ఇంకెవరున్నారు?… ఎవరూ, సబ్రీ? ఒరేయ్, ఇవాళ నీ పెళ్లి కదరా! ఈపాటికి అద్దం ముందు నిలబడి మీసం చూసుకోవాల్సినవాడివి, నాతో ఏం పని?

అరవకు. మెల్లగా చెప్పు. ఎక్కడున్నావ్?… పార్లర్ ముందు. రబాబ్ లోపల ముస్తాబవుతోంది, నువ్వు కింద కార్లో… సరే. తర్వాత?… డిక్కీలోంచి వాసనా? ఎలాంటి వాసన?

ముందు పాట ఆపు. ఆపి మాట్లాడు… అది కాదురా, తాళం కూడా తిప్పేసి బయటికి తియ్… తీశావా? హమ్మయ్య. ఇప్పుడు డిక్కీ తెరిచి గాలి తగలనీ. పొగేమైనా ఉందా?… లేదు. వాసనొక్కటే. సరే, ఇంకా పీకల మీదికి రాలేదులే.

ఏంటీ? పాట గట్టిగా పెట్టగానే సబ్‌వూఫర్ ఏమంది?… బర్ర్ బర్ర్‌మందా. మరి అనదూ? దాని ప్రాణం మీదికి తెచ్చావు కదా. అది పాడలేదురా నాయనా, ఏడ్చింది.

తెలుసు, తెలుసు. మధ్యాహ్నపు అస్ర్ నమాజు అవగానే పెళ్లికూతురు దిగుతుంది, వెనకాల పదిహేను కార్లు, ముందు నీది. ఈలోపు సబ్ కాలిపోతే ఊరేగింపు మూగగా వెళ్లాలి. సముద్రం ఒడ్డున రాస్ ఎల్ బర్ర్ దాకా హారన్లు కొట్టుకుంటూ పోవాలి. అదేగా నీ ఏడుపు?

నేను రాలేనని నీకూ తెలుసు. మొగుడు పోయినదాన్ని, ఇద్దత్ గడువు అయ్యేదాకా గడప దాటకూడదు కదా. లేకపోతే ఈపాటికి వచ్చి నీ చెవి మెలేసి ఉండేదాన్ని. సరే, ఫోన్లోనే చేద్దాం. నీకు చేతులున్నాయి, నాకు బుర్ర ఉంది. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్ అవుతాం.

మొదట అది బతికుందో లేదో చూద్దాం. రెండు అరచేతులూ సబ్ మూతి మీద, ఆ గిన్నెలాంటి దాని మీద పెట్టి, అన్నివైపులా సమానంగా, మెత్తగా లోపలికి నొక్కు… గరగరమని రాసుకుంటోందా?… సరిగ్గా విను. చెవి దగ్గర పెట్టు. సెంటు పూసుకున్న తల డిక్కీలో పెడితే ఏం పోదులే…

సాఫీగా కదులుతోందా? అయితే లోపలి తీగచుట్ట, ఆ కాయిల్ ఇంకా పోలేదు. నీ అదృష్టం బాగుంది. రబాబ్ అదృష్టం సంగతి పెళ్లయ్యాక చూద్దాం.

మీటరుందా నీ దగ్గర?… ఏ మీటరు?… పసుపుపచ్చది, వెనకాల నల్ల టేపు చుట్టింది?

ఒరే దొంగా! అది నీ దగ్గరుందా! మంచాల కింద, బీరువా మీద, మీ మావయ్య చొక్కా జేబుల్లో, బియ్యం డబ్బాలో కూడా వెతికాను దాని కోసం. ఆయనతో పాటే పోయిందనుకున్నాను… ఎప్పుడు తీసుకున్నావ్?… రంజాన్ ముందా. అడిగే తీసుకున్నావా… ఆయన ఇచ్చాడంటే సరేలే. ఆయన ఇవ్వనిదేముంది? కట్టుకున్న బట్ట తప్ప అన్నీ ఊరికి పంచాడు.

ఏం లేదు. ఏం లేదురా. మీటరు తియ్.

ఓమ్‌ల మీద పెట్టు. సబ్ తీగలు యాంప్లిఫయర్ నుంచి విప్పు. తాళం బయటే ఉందిగా? ఆఁ, అయితే విప్పు. ఇప్పుడు ఆ రెండు తీగలకీ మీటరు పెట్టు. ఎంత చూపిస్తోంది?… మూడున్నర చిల్లర. బంగారం. నాలుగు ఓమ్‌ల సబ్‌కి అంతే ఉండాలి.

తీగల కొనలకి టేపు చుట్టి చెరో పక్కన పడెయ్. ఒకదానికొకటి తగలకూడదు, కారు ఒంటికీ తగలకూడదు… టేపు లేదా? పెళ్లి కారుకి అంత రిబ్బన్ చుట్టావు, ఒక్క ముక్క టేపు మిగల్లేదా?… ఆ రిబ్బన్ అంటించిన టేపే పీకి చుట్టు.

ఇప్పుడు యాంప్లిఫయర్ మీద చెయ్యి పెట్టు… పెట్టలేకపోతున్నావా! అంత వేడా? ఎక్కడ బిగించావు దాన్ని?… డబ్బా వెనకాల… ఆఁ?… స్పాంజీ వేసి? పైన వెల్వెట్టు కుట్టావా?

ఒరేయ్ సబ్రీ. నువ్వు మన దమియట్టా సోఫాల వడ్రంగివని ఊరందరికీ తెలుసురా, యాంప్లిఫయర్‌కి కూడా సోఫా కుట్టి చూపించాలా? అది ఊపిరాడక చచ్చేలా ఉంది. గాలి తగలకపోతే ఎంత మంచిదైనా మాడిపోతుంది. పీకెయ్ అదంతా… పీకు. రోజా పువ్వులు చెక్కావు, బంగారు పూత పూశావు, సబ్ డబ్బాకి సింహాసనం కాళ్లు కూడా పెట్టావట, మీ అమ్మ చెప్పింది. అవన్నీ ఉండనీ. పెళ్లికూతురి కుర్చీకీ దానికీ తేడా తెలిస్తే చాలు. యాంప్లిఫయర్‌కి మాత్రం నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి చుట్టూ.

అయ్యిందా… చల్లారనీ ఓ ఐదు నిమిషాలు.

ఈలోపు యాంప్లిఫయర్ మీద తిప్పే బిళ్లలు చూడు. గెయిన్ అని రాసుంటుంది. ఎక్కడుంది?… చివరికంటానా. పూర్తిగా కుడికి. ఊఁ. నేననుకున్నాను.

అది వాల్యూమ్ కాదురా. ఊరి కార్లకి స్టీరియోలు బిగిస్తూ ఎంతమందికి చెప్పి ఉంటాడో మీ మావయ్య, నోరు నొప్పెట్టేలా. మేడ మీద కుళాయి సన్నగా తిప్పి, నీళ్లు రావట్లేదని కింద మోటారు పూర్తిగా పెంచావనుకో, ఆ తర్వాత ఎవడో వచ్చి కుళాయి మొత్తం విప్పాడనుకో, ఏమవుతుంది?… నీళ్లు బకెట్లో పడవు, ఇల్లంతా చిందుతాయి. అదీ. గెయిన్ అంటే ఆ మోటారుని కుళాయికి సరిపడా పెట్టడం. అంతే దాని పని. అంతకన్నా పెంచితే శబ్దం రాదు, చీలిన శబ్దం వస్తుంది. ఆ చీలినదే కాయిల్‌ని కాలుస్తుంది.

ఎలా పెట్టావు గెయిన్?… చెవితోనా. పాట పెట్టి, బాగా వినపడేదాకా తిప్పావు. వాల్యూమ్ ఎంత మీద పెట్టి తిప్పావు?

ఏంటీ, గుర్తు లేదా. ముప్పై ఏళ్లు రాకుండానే మతిమరుపు. సరే, ఆ సంగతి తర్వాత.

గెయిన్ మొత్తం ఎడమకి తిప్పెయ్, సున్నాకి. బాస్ బూస్ట్?… అది కూడా సగం మీద ఉందా. సున్నా. కారు స్టీరియోలో బాస్, ట్రెబుల్, లౌడ్‌నెస్, నువ్వు ముచ్చటపడి పెంచుకున్నవన్నీ మధ్యకి తెచ్చెయ్… ఆ, అదీనూ.

సబ్ డబ్బా మీద వాట్లు ఎంత రాసుందో చదువు… వెయ్యా! మంచిది, మసీదు మినారు మీద పెట్టుకో. అది కొనేవాడి మనసు చల్లబడాలని రాసే అంకెరా. వెనకాల అయస్కాంతం పక్కన చిన్న అక్షరాలుంటాయి… వంగు. పెళ్లిచొక్కా మాసిపోతే మాసింది… ఎంత?… మూడొందలు. అదీ నిజం. పెద్ద అక్షరాలు మనకి కాదు.

మూడొందల్ని నాలుగు ఓమ్‌లతో హెచ్చెయ్… పన్నెండొందలు. శభాష్. దానికి వర్గమూలం?… వేళ్లు మడుస్తున్నావా? వడ్రంగివి కదా, కొలత పట్టీ లేకుండా లెక్క రాదు నీకు. ముప్పై నాలుగున్నర. మనం ముప్పై నాలుగు వోల్టుల దగ్గర ఆగిపోదాం. ఆ అర నీ కాయిల్‌కి పెళ్లి కానుక.

చల్లారిందా? చెయ్యి పెట్టు… గోరువెచ్చగా ఉంటే చాలు. ఇంజన్ వెయ్. మీటరు ఏసీ వోల్టుల మీద పెట్టు… డీసీ కాదురా, ఏసీ. అల ఉన్న గుర్తు. దాన్ని యాంప్లిఫయర్ మీద సబ్ తీగలు విప్పిన చోట పెట్టు, ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. రెండు సూదులూ ఒకదానికొకటి ముట్టుకున్నాయంటే యాంప్లిఫయర్ కూడా పోతుంది, ఇక నువ్వు తప్పెట కొట్టుకుంటూ నడవాలి.

ముందు సీటు దగ్గర డ్రాయర్లో మావయ్య ఇచ్చిన పెన్‌డ్రైవ్ ఉందా?… ఉంటుందని తెలుసు. అందులో మూడోది పెట్టు. పాట కాదు, ఒకటే మోత. సెకనుకి యాభై సార్లు కొట్టుకునే మోత. పాటలో శబ్దం ఓసారి లేస్తుంది, ఓసారి పడుతుంది, దాంతో కొలవలేం.

స్టీరియో వాల్యూమ్ చివర ఎంత దాకా ఉంది?… నలభై. ముప్పై మీద పెట్టు. నువ్వు ఎంత గట్టిగా వింటావో అంత. ముప్పై దాటి ఎప్పుడూ పోనని నీకు నువ్వే మాటిచ్చుకో… నవ్వకు. ఇది నిఖా కన్నా గట్టి మాట.

పెట్టావా? తలుపుల్లో స్పీకర్లు హోరెత్తుతున్నాయా?… హోరెత్తుతాయి. జనం చూస్తున్నారా? చూడనీ. పెళ్లికొడుకు డిక్కీలో కాళ్లు బయటపెట్టి పడుకుంటే ఎవరు చూడరు? కాసేపైతే డబ్బులు వేస్తారు.

ఇప్పుడు గెయిన్ మెల్లగా తిప్పు. చిన్న స్క్రూడ్రైవరుతో. ఉలి పట్టుకున్నట్టు కాదు, కాటుక పెట్టుకున్నట్టు తిప్పు… చదువుతూ ఉండు నాకు… పది… పద్నాలుగు… ఆగి ఆగి తిప్పు… ఇరవై రెండు… ఇరవై తొమ్మిది… ఇంక ఊపిరి బిగబట్టు… ముప్పై మూడు… ముప్పై నాలుగు. ఆపు! చెయ్యి తీసెయ్.

చూశావా. ఎక్కడ ఆగింది గెయిన్?… పావు వంతు కూడా తిరగలేదా. అదీ సంగతి. మోత ఆపు, ఇంజన్ ఆపు, తాళం బయటికి తీసి సబ్ తీగలు మళ్లీ బిగించు. ఎర్రది ఎర్రదానికి.

ఇప్పుడు చెప్పు. పావు వంతుకి సరిపోయేదాన్ని నువ్వు చివరికంటా ఎందుకు తిప్పావు? వాల్యూమ్ ఎంత మీద పెట్టి తిప్పావో గుర్తొచ్చిందా?

చెప్పరా.

ఎనిమిదా?

ఎనిమిది మీద ఎవడైనా గెయిన్ పెడతాడా? ఎనిమిది మీద ఉంటే పిల్లి కూడా చెవి తిప్పదు. అందుకే చివరికంటా తిప్పావు, వినపడక. ఇంత బుద్ధి తక్కువ పని ఎందుకు చేశావ్? ఎవరి నిద్ర చెడుతుందని?…

…

ఎక్కడ?… కారు ఎక్కడ ఆపి గెయిన్ పెట్టావ్?

మా కిటికీ కిందా. అక్కడే ఉన్న నీ వర్క్‌షాపు ముందా… మావయ్య పోయిన రెండో వారం.

అందుకా.

నేను వింటే బాధపడతానని ఎనిమిది మీద పెట్టావా, పిచ్చి సన్నాసీ.

ఒరేయ్, ఒక సంగతి అడుగుతాను, నిజం చెప్పు. పార్లర్ నుంచి రాస్ ఎల్ బర్ర్ రోడ్డెక్కాలంటే మా సందు మీదుగానే దగ్గర దారి. మరి మీ అమ్మేమో కొత్త వంతెన చుట్టి వెళ్తామని చెప్పింది నిన్న. ట్రాఫిక్ అంది. గురువారం మధ్యాహ్నం వంతెన మీద ఉన్నంత ట్రాఫిక్ ఇంకెక్కడుంటుందిరా? అప్పుడే అనుమానమొచ్చింది.

అందరూ కలిసి అనుకున్నారా. మావయ్య పోయి నలభయ్యో రోజు ఇంకా కాలేదని. అత్త కిటికీ కింద తప్పెట్లేమిటని… ఎవర్నడిగి అనుకున్నార్రా? పెళ్లి వాయిదా వెయ్యొద్దని చెప్పిందే నేను. ఆయన నీకు ఆ కారు స్టీరియో బిగించి, ఇది నీ పెళ్లికి అని చెప్పాక నేను వాయిదా వేయిస్తానా?

విను. ఈ ఇల్లు ముప్పై మూడు రోజులుగా గుసగుసలతో నిండిపోయింది. గురువారం గురువారం ఆడవాళ్లు వస్తారు, కాఫీ తాగుతారు, నా మొహం చూసి గొంతు తగ్గిస్తారు. కూరగాయలాయన మా కిటికీ కిందకి రాగానే అరవడం మానేస్తాడు. టమాటాలు వచ్చాయో లేదో నాకు తెలియట్లేదు. ముప్పై ఏళ్లు స్పీకర్ల మోతలో కాపురం చేసినదాన్నిరా. కిటికీ అద్దాలు మూడుసార్లు మార్పించాం. ఆ మోత లేకపోతే నాకు నిద్ర పట్టట్లేదు.

ముప్పై మూడు రోజుల తర్వాత ఇవాళ నువ్వు ఫోన్ చేసి నా మీద అరిచావు చూడు, అత్తా కాలిపోతోందీ అని. ప్రాణం ఎంత హాయిగా ఉందో నీకేం తెలుసు.

ఛీ, పెళ్లిరోజు ఏడుస్తారట్రా మగపిల్లలు? క్రీమ్ రాసిన మొహం కారిపోతుంది. ముక్కు తుడుచుకో… రిబ్బన్‌తో కాదు.

ఇంకో పని మిగిలింది. గెయిన్ బిళ్ల ఇప్పుడు ఎక్కడుందో అక్కడ ఒక చుక్క పెట్టాలి, బిళ్ల మీదా పక్కన రేకు మీదా కలిసేలా. రేపు ఎవడైనా నీలాంటివాడు కెలికితే తెలిసిపోతుంది. మావయ్య దేంతో పెట్టేవాడో తెలుసా?… నా గోళ్ల రంగుతో. నేను కొనుక్కోవడం, ఆయన ఎత్తుకుపోవడం. ఈ ఊళ్లో సగం కార్ల డిక్కీల్లో నా ఎర్ర రంగే ఉంది. నా వేళ్లకి మాత్రం ఎప్పుడూ రెండు గోళ్లకే సరిపోయేది.

నీకెక్కడ దొరుకుతుందా? ఒరేయ్, ఎక్కడ నిలబడి అడుగుతున్నావురా ఆ మాట? పార్లర్ ముందు! పైకెళ్లి తలుపు కొట్టు… పెళ్లికూతుర్ని ముందే చూడకూడదా. అయితే కళ్లు మూసుకుని చెయ్యి చాపు… వెళ్లు, వెళ్లు. నేను లైన్లోనే ఉంటాను. టీ గ్లాసు తెచ్చుకుంటా…

…

హలో… ఎవరూ?… రబాబా! అమ్మా, నువ్వెందుకు తీసుకున్నావు ఫోను? జుట్టు అయిందా?… సగమయిందా. క్లిప్పులతోనే కిందకి దిగావా! రంగు నువ్వే పెడతానన్నావా. పెట్టు తల్లీ. చిన్న చుక్క. బిళ్లకీ రేకుకీ కలిపి… ఏం రంగు?… గులాబీనా. ముప్పై ఏళ్ల తర్వాత దమియట్టాలో రంగు మారింది. మారనీ.

వాడు చెప్పాడా, ఎనిమిది సంగతి?… ఆఁ. కొత్త వంతెన సంగతి నీకూ తెలీదా?… నీకు చెప్పలేదా. ఇప్పట్నుంచే దాస్తున్నాడు, జాగ్రత్త.

ఏంటమ్మా?… ఏంటీ, మళ్లీ చెప్పు… మా సందులోంచే వస్తానంటావా… లేకపోతే కారెక్కనంటావా. వద్దు తల్లీ, వాడి గుండె ఆగుతుంది. చెప్పు, చెప్పు, వాడికి వినపడేలా గట్టిగా చెప్పు…

ఏమన్నాడు?… తలూపాడా. ఊపుతాడు. ఇక జీవితమంతా అదే పని.

సరే, ఒక్కటి చేద్దాం. నువ్వు పైకెళ్లే ముందే ఒకసారి చూసేద్దాం. ఇక్కడికి ఐదు నిమిషాలు కూడా లేదు. ఆ క్లిప్పుల మీద ఏదైనా కప్పుకుని ఎక్కు. అన్ని కార్లతో పరువు పోగొట్టుకునే కన్నా ఇప్పుడే తేలిపోవాలి. మీ మావయ్య పరీక్ష ఒకటుంది. కిటికీ గట్టు మీద నిండా టీ పోసిన గ్లాసు పెట్టేవాడు. కారు కింద ఆగాక టీ వణకాలి, ఒలకకూడదు. ఒలికితే మళ్లీ డిక్కీ తెరవాలి.

గ్లాసు ఇదిగో, పెట్టాను. పెట్టెయ్యకు ఫోను. వాడు నడుపుతాడు కదా, నువ్వు పట్టుకో…

…

మలుపు తిరిగారా?… చేపల మార్కెట్ దాటారా… సగం ముస్తాబుతో ఉన్నావని అందరూ చూస్తున్నారా? చెయ్యి ఊపు.

ఆ… వినబడుతోంది. దూరంగా… గుండెల్లో కొడుతున్నట్టుంది… శుభ్రంగా ఉందే! బర్రుమనట్లేదు, విన్నావా? గుండ్రంగా వస్తోంది. ఏమయ్యా షిహాతా, పైనుంచి విను, నీ వడ్రంగివాడు నేర్చుకున్నాడు…

ఏంటిది? ఏమైంది? ఆగిపోయిందేం?… సందు మొదట్లోనేనా?… తగ్గించాడా! రబాబ్, ఎంత మీద పెట్టాడో చూడు… ఎనిమిదా!

ఆ చెయ్యి మీద ఒక్కటి కొట్టు నా తరఫున. గట్టిగా… కొట్టావా. ముప్పై పెట్టమను. నేను ఆ కిటికీలోనే ఉన్నాను, నల్లబట్టల్లో, కనబడుతున్నాను కదా? నన్నే చూడమను. చెయ్యి ఊపుతున్నాను. ముప్పై, సబ్రీ!

…

ఆ. ఆ… వచ్చింది… వచ్చిందిరా…

కిటికీ చువ్వలకి తెలుస్తోంది. నా అరికాళ్లకి తెలుస్తోంది. ఉండండి, గ్లాసు చూడనీ… టీ వణుకుతోంది. గుండ్రాలు గుండ్రాలుగా… ఒలకలేదు. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

ఎదురింటి ఉమ్మ్ గరీబ్ కిటికీ తెరిచి నన్నే చూస్తోంది. చూడనీ. ఏమన్నా అనుకోనీ. నేను ఏడుస్తున్నానమ్మా, ఏడుపు ఆగట్లేదు, అయినా నవ్వొస్తోంది…

రబాబ్, నాలుక ఆడించి పెళ్లి కూత పెడుతున్నాను, ఫోను చెవి నుంచి దూరంగా పెట్టు తల్లీ. నా గొంతుకి గెయిన్ బిళ్ల లేదు… పెట్టావా? ఇంకా దూరంగా—

లూలూలూలూలూలూలూలీ—